ద్వీపము వంటి పరగణా

సముద్రమెరుగని మన నల్లగొండ సీమయందు ఒక ద్వీపముండెనని చెప్పిన నవ్వుదురేమో. అది మునగాల పరగణా. చుట్టును నిజాము రాజ్యము. నడుమ కృష్ణా జిల్లాకు చేరిన ఈ జమీనున చెన్నపట్టణపు శాసనము.

జమీందారగు రాజా నాయని వేంకటరంగారావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడిరి. ఆయన జమీనులోనే 1930 తరువాత రైతులు వెట్టికెదురు నిలిచిరి.

1948 నాటి మదరాసు చట్టము జమీందారీలను రద్దుచేసెను. పొరుగున నల్లగొండ, పాలమూరు జిల్లాలలో జాగీరులు 1949లో వేరొక శాసనముచే పోయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. గట్టుకీవల ఒక న్యాయము, ఆవల మరియొకటి.

1959లో మునగాల నల్లగొండలో కలిసెను. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో నున్నది. 2025 నాటి భూభారతి చట్టము ఇరుప్రక్కల వారికిని ఒక్కటే. కాని పాత కాగితములు ఒక్కటి కావు. 1954-55 ఖాస్రా పహాణీ హైదరాబాదు రాష్ట్రపు లెక్క. అప్పుడు మునగాల ఆంధ్ర రాష్ట్రములో నుండెను. ఖాస్రాలో మీ తాతపేరేదని ఎవరైన నడిగిన, ఈ చరిత్రయే ప్రత్యుత్తరము. కావున పెద్దలారా, బిడ్డలకు పొలముతోపాటు పాత పత్రములను, వాని కథను గూడ అప్పగింపుడని నా మనవి.