కాళ్ళ కింది లినోలియం చేతిలో అచ్చయిన కథ

అచ్చు చరిత్ర అనగానే పెద్ద యంత్రాలూ, సీసపు అక్షరాలూ గుర్తుకొస్తాయి. ఈసారి యంత్రమే అక్కరలేని ఒక అచ్చు గురించి చెప్పుకుందాం. దాని పేరు లినోకట్.

లినోలియం బొమ్మల కోసం పుట్టిన వస్తువు కాదు. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ నేల మీద పరచడానికి దాన్ని తయారుచేశాడు. అవిసె నూనె గాలి తగిలి బంకలా చిక్కబడ్డాక, అందులో చెట్టు జిగురు, కార్కు పొడి, రంపపు పొట్టు కలిపి గోనెపట్టా మీద ఒత్తేవారు. లాటిన్‌లో లీనం అంటే అవిసె, ఓలియం అంటే నూనె. పేరు అలా వచ్చింది.

చెక్కకు ఒక వాలు ఉంటుంది. దానికి ఎదురు చెక్కితే పెచ్చులు లేస్తాయి. లినోలియానికి వాలు లేదు, ఉలి ఎటు తిప్పితే అటు సాగుతుంది. గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెడితే చాలు, మెత్తబడుతుంది. ఈ సుళువు చూసే వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే గురువు దాన్ని పిల్లల చేతికిచ్చాడు.

పని ఇలా సాగుతుంది. చెక్కి తీసేసిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది, మిగిలిన మెట్ట భాగం సిరా పట్టి నల్లగా పడుతుంది. రోలరుతో సిరా రాసి, కాగితం పరిచి, చెంచా వెనక వైపుతో రుద్దితే అచ్చు దిగుతుంది. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. మన 'కు'లో కుడివైపు ఉండే కొమ్ము బ్లాకు మీద ఎడమవైపుకు పోతుంది. ఉలి పట్టని చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. జారితే తెగేది వేలే.

మన దేశంలో లినోకట్ అనగానే శాంతినికేతన్ తలపుకొస్తుంది. 1930లో గాంధీగారు దండికి నడిచారు. అదే ఏప్రిల్ 13న రాజాజీ తిరుచ్చి నుంచి వేదారణ్యానికి ఉప్పు యాత్ర మొదలుపెట్టారు. ఆ ఏడాదే నందలాల్ బోస్ చేతికర్రతో నడిచే గాంధీగారిని లినోలియం మీద చెక్కారు. నల్లని నేల, తెల్లని గీతలు, అంతే. చూడగానే ఎవరో తెలుస్తుంది.

అదే 1930లో ఆయన ఇంకో పని చేశారు. పిల్లలు బెంగాలీ అక్షరాలు నేర్చుకోవడానికి ఠాగూరు రాసిన 'సహజ్ పాఠ్' వాచకానికి లినోకట్ బొమ్మలు వేశారు. దేశమంతా ఎరిగిన చెయ్యి పసిపిల్లల అక్షరాల పుస్తకాన్ని చిన్న పని అనుకోలేదు. మాకు గాంధీగారి బొమ్మకంటే ఈ సంగతే పెద్దదిగా తోస్తుంది.

నందలాల్ శిష్యుల్లో మన తెలుగువాడు ఒకరున్నారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి గారు. శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పి, తర్వాత పారిస్ చేరారు. సిరాల చిక్కదనంలో తేడా పెట్టి ఒకే రేకు నుంచి పలు రంగులు ఒకేసారి దించే పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. 1972లో పద్మశ్రీ వచ్చింది. మన సంఘాల గోడల మీద ఆయన ఫొటో కూడా ఉండదగ్గదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. బడిలో నేర్పింది తమిళమే కాబట్టి, మాలో చాలామందిమి తెలుగు అక్షరాలను పెద్దయ్యాక కూడబలుక్కున్నవాళ్ళం. మన మనవలకు ఆ కూడబలుక్కోవడం కూడా మిగిలేట్టు లేదు. బయటినుంచి తెప్పించే వాచకాల్లో మన కావేరి ఒడ్డూ, మన అవ్వ పలికే మాటా ఉండవు. అవి ఉండే పుస్తకం మనమే అచ్చు వేసుకోవాలి.

అక్షరాలు 56. ఇంటికి ఒక్క అక్షరం, దానికి ఆ ఇంట్లో పలికే ఒక్క మాట, ఒక్క బొమ్మ. అరచేయంత లినోలియం ముక్క, రెండు ఉలులు, ఒక చెంచా చాలు. పెద్దలు చెక్కాలి, పిల్లలు సిరా రాయాలి. వచ్చే సమావేశంలో ఎవరికి ఏ అక్షరమో పంచుకుందాం. ముందుగా ఏదైనా అక్షరం కావాలనేవాళ్ళు కింద రాయండి.