ప్రార్థనావేళలో స్వరపాఠం

తమిళనాట తెలుగు మాధ్యమ పాఠశాలలో ఉదయపు ప్రార్థనా సమావేశం పదిహేను నిమిషాల కార్యక్రమం. ప్రార్థనాగీతం, ప్రతిజ్ఞ, వార్తలు, ఒక సూక్తి. ఆ ప్రతిజ్ఞ సైతం 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మొదట తెలుగులో రచించినదేనన్న సంగతి దానిని నిత్యం వల్లించే బాలలలో ఎందరికో తెలియదు.

సంగీతాన్ని అభ్యసనాంశంగా పరిచయం చేసిన నాటి సమావేశంలో ఉపన్యాసం లేదు. నల్లబల్లపై రెండు రాగాల పేర్లు మాత్రం వ్రాశారు: కీరవాణి, ఖరహరప్రియ. మేళకర్తలు డెబ్బది రెండు. మధ్యమం రెండు విధాలు, రిషభ గాంధారాల కూర్పులు ఆరు, ధైవత నిషాదాల కూర్పులు ఆరు. రెండును ఆరుతోను, మరల ఆరుతోను గుణిస్తే 72. ఈ లెక్కను శాస్త్రంగా నిలిపిన గ్రంథం ‘చతుర్దండి ప్రకాశిక’. దానిని వేంకటమఖి రచించినది తంజావూరిలో, 17వ శతాబ్దిలో, తెలుగు నాయకరాజుల ఏలుబడిలోనే.

తరువాతి కాలంలో మేళాల పేర్లను కటపయాది సూత్రానికి అనువుగా కూర్చారు. పేరులోని తొలి రెండక్షరాలకు అంకెలు కట్టి, వాటిని తిరగవేస్తే మేళసంఖ్య వస్తుంది. కకారానికి 1, ఖకారానికి 2, రేఫకు 2. కనుక కీరవాణి 21, ఖరహరప్రియ 22.

ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె లెక్క వేసి రెండింటికీ 21 అనే చెప్పింది. ఆమె ఇంటివద్ద సంగీతం నేర్చుకుంటున్నది. పాటలన్నీ తమిళలిపిలో వ్రాసుకున్నది. తమిళంలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. అందువల్లనే అక్కడి సంగీత పుస్తకాలలో అక్షరం ప్రక్కన 2, 3, 4 అంకెలు వేసి భేదం చూపుతారు. బాలిక తన నోటుపుస్తకంలో ఆ అంకెలు వదిలివేసింది. ఒక్క అక్షరం తేడాతో రాగమే మారిపోయింది. తెలుగింటి పిల్ల తెలుగు పాటను పరాయి లిపిలో చదువుకోవలసిరావడం విచారించదగినదే. కాని దీనికి ఆ లిపిని నిందించడం న్యాయం కాదు.

ఎందుకంటే ఈ గడ్డపై తెలుగు పాటను కాపాడినవారిలో తమిళుల పాలు చాలా పెద్దది. విజయరాఘవ నాయకుని ఆస్థానం క్షేత్రయ్య పదాలను ఆదరించింది. నాయకరాజ్యం 1673లో అంతరించినా, తరువాత వచ్చిన మరాఠా ప్రభువుల కాలంలోనూ తంజావూరు సీమలో పాటకు తెలుగే భాషగా నిలిచింది. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరులో జన్మించి, కావేరీ తీరాన తిరువయ్యారులో జీవితం గడిపారు. ఆయన కృతులను లోకానికి అందించిన శిష్యపరంపరలు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానాలవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రభాషా కుటుంబీకుడు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902), రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ (1860–1919) వర్ణాలకు తెలుగు సాహిత్యమే కూర్చారు. నేటికీ అయ్యంగారి మోహన వర్ణంతో వర్ణాభ్యాసం మొదలుపెట్టే విద్యార్థి మాతృభాష ఏదైనా, నోట పలికేది తెలుగే. 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించినది దక్షిణాన ఎట్టయపురంలో, అచ్చయినది తెలుగు లిపిలో. అందుకు ఆయనను ప్రోత్సహించినవారిలో ముఖ్యుడు చిన్నస్వామి మొదలియారు.

మద్రాసులో 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడి, కచేరీలలో తమిళ పాటకు తగిన స్థానం కోరింది. తెలుగువారిలో కొందరికి అది కష్టంగా తోచి ఉండవచ్చు. అయినా తమ పాటను తమ భాషలో వినగోరడం తప్పెలా అవుతుంది? తెలుగు పిల్లలు కోరుకోవలసినదీ అదే. 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో ఒకటవ తరగతి నుండి మొదలై ఏటేటా తమిళం నిర్బంధమైంది. రాష్ట్రభాష నేర్వడం మేలే. ఆ బరువు క్రింద అమ్మనుడి అక్షరాలు జారిపోకుండా చూసుకోవలసినది మాత్రం ఇల్లు, బడి.

ఆ మధ్యాహ్నమే ఆ బాలిక తన పాటలను తెలుగు లిపిలో తిరిగి వ్రాయసాగింది. మొదటి పుటలోనే ధకారానికి ఒత్తు మరచింది. ప్రక్కనున్న ఆరవ తరగతి పిల్ల వ్రేలుపెట్టి చూపించింది.