కుండీల్లో ఓడలెక్కిన మొక్కలు

కాకతీయుల వంటింట్లో మిరపకాయ లేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతిలో పడేనాటికి మిరప ఇంకా అమెరికా దాటలేదు. పోర్చుగీసువాళ్ళు దాన్ని తెచ్చింది 16వ శతాబ్దంలో. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో ఆ బస్తాలు చూస్తే తాతల నాటి పంటే అనిపిస్తుంది, అది వేరే సంగతి :)

మిరప గింజ ఎండినా చావదు. జేబులో వేసుకుని రావచ్చు. మిరియం అలా కాదు, ఎండితే మొలవదు. తీగముక్కగానో, మట్టితో సహా మొక్కగానో మొయ్యాల్సిందే. 1781లో సామర్లకోట వచ్చిన కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్, రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం చూసి, ఆ తీగలు తెప్పించి తోట వేయించాడు.

కొండ మీంచి సామర్లకోట దాకా అంటే సరే. సముద్రం మీదే అసలు కష్టం. బౌంటీ ఓడలో సీమపనస మొక్కల కోసం పెద్ద గదినే నర్సరీ చేసి, కుండీల్లోంచి కారిన నీళ్ళు మళ్ళీ వాడుకోడానికి నేలంతా సీసం రేకు పరిచారు. తాహితీలో 1,015 మొక్కలు ఎక్కించారు. 1789 ఏప్రిల్లో నావికులు తిరగబడి అన్నిటినీ సముద్రంలో పారేశారు.

తిరుగుబాటు లేకపోయినా ఎక్కువ మొక్కలు దారిలోనే పోయేవి. హన్మకొండలో మా అమ్మ కల్యామాకు మొక్కని చిన్న కుండీ నుంచి గోళెంలోకి మార్చేటప్పుడు చూస్తుంటాను, వేర్లు కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఇంటి దగ్గరే ఇలా అయితే, నెలల తరబడి ఉప్పుగాలిలో, కొలిచి పోసే నీళ్ళతో ఏం బతుకుతాయి?

దీన్ని తేల్చింది లండన్ డాక్టరు నథానియల్ వార్డ్. 1829లో ఒక పురుగు గూడుని తడిమట్టితో సీసాలో పెట్టి మూసేస్తే, అందులో ఫెర్న్ మొక్క మొలిచింది. లోపలి ఆవిరే అద్దానికి పట్టి మళ్ళీ నీరై పడుతోంది. అంతే, గాజుపెట్టెలు చేయించి 1833లో సిడ్నీకి పంపాడు. మొక్కలు బతికాయి. (కంటెయినర్ అంటే డాకర్ ఒక్కటే కాదన్నమాట!)

రబ్బరు గింజా మిరియం బాపతే, త్వరగా చచ్చిపోతుంది. 1876లో బ్రెజిల్ నుంచి లండన్ క్యూ తోటకి 70 వేల గింజలొస్తే మొలిచినవి సుమారు 2,700. వాటిని వార్డ్ పెట్టెల్లో సిలోన్‌కి పంపారు. 1877లో సింగపూర్ చేరినవి 22 మొక్కలు. మలయా రబ్బరు తోటలకి మొదలు అవే.

ఆ తోటల్లో పాలు గీయడానికి మనుషులు కావాలిగా? విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళు మొదట ఒప్పంద కూలీలుగా, తర్వాత కంగాణీల వెంట ఓడలెక్కారు. మొక్కలకి ఒక్కొక్కదానికీ లెక్క రాశారు. వీళ్ళకి రాసింది మాత్రం దారిఖర్చు, అదీ అప్పు కింద. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో ఆగింది, కంగాణీ పద్ధతి 1938 దాకా నడిచింది.