ఇంటరప్ట్ రేఖల కొరత: పీసీ చరిత్రలో వనరుల సంఘర్షణ

పరికరాల సంఘర్షణను డ్రైవర్ల లోపంగా భావించడం పరిపాటి. దాని మూలం ఐబీఎం పీసీ నిర్మాణంలోనే ఉంది. 1981 నాటి ఆ యంత్రంలో ఇంటరప్ట్ రేఖలు 8 మాత్రమే. 1984లో ఏటీ నమూనాకు రెండవ 8259 చిప్ చేరినా, రెండింటినీ కలపడానికే ఒక రేఖ పోగా 15 మిగిలాయి. అసలు చిక్కు సంఖ్యలో లేదు. ఐఎస్ఏ బస్సు సంకేతం మారే క్షణాన్నే గుర్తించేది. ఒక కార్డు రేఖను పట్టి ఉంచగా మరొకటి పంపిన సంకేతం నమోదయ్యేది కాదు. కామ్1, కామ్3 పోర్టులు రెండింటికీ 4వ రేఖే ఆనవాయితీ కావడం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం: మోడెం పనిలోకి దిగితే మౌస్ స్తంభించేది. తప్పు వినియోగదారునిది కాకున్నా, పెట్టె విప్పి జంపర్లు మార్చవలసినవాడు అతడే. విండోస్ 95 డివైస్ మేనేజర్ ఆ తగవును పసుపు ఆశ్చర్యార్థకంతో చూపగలిగిందే గాని, జంపర్లున్న పాత కార్డును కదిలించలేకపోయింది. సంకేతపు స్థాయిని గమనించే పీసీఐ బస్సుతో ఒకే రేఖను పలు కార్డులు పంచుకొనగలిగాయి.