మా నాయిన తొవ్వ, మన్ దొర మ్యాపు: పట్నంలో దారి వెతికిన కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒకటే ప్రశ్న. గద్వాల నుంచో, వనపర్తి నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో బస్సెక్కిన మనిషి హైదరాబాద్‌ల దిగినంక తొవ్వ ఎట్ల పట్టుకునేటోడు?

ఈ ప్రశ్న నాకు మా నాయిన నుంచి వచ్చింది. మాది వనపర్తి పక్కన ఊరు. 1990ల చివర్లో నాయిన అపార్ట్‌మెంట్ల పనికి పట్నం పోయేవాడు. పాలమూరు లేబర్ అంటారు కదా, ఆ గుంపులో ఒకడు. అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు, ఎందుకంటే కూలి లెక్క చూసుకోవాలి. అందుకే బస్సు నంబరు గుర్తుపట్టేవాడు. దిగినంక గుర్తులే దిక్కు: నీళ్ల ట్యాంకు, వేపచెట్టు, కల్లు దుకాణం.

ఒకసారి ఊరికి వచ్చి తిరిగి పోయిండు. సైటు సందు మొదట్లో పెద్ద సినిమా హోర్డింగు ఉండేది, అదే ఆయన గుర్తు. వారంలో సినిమా మారింది, బొమ్మ మారింది. రాత్రి దిగిన మనిషి తెల్లారేదాకా అవే సందులు తిరిగిండు. పొద్దున సైటు దొరికేసరికి మేస్త్రీ వేరేవాళ్లను పెట్టుకున్నడు. ఆ రోజు కూలి పోయింది. నాయిన దీన్ని నవ్వుకుంటనే చెప్తాడు, కానీ ప్రతిసారీ చివర్లో ఒక మాట అంటాడు: "అడుగుదామంటే సిగ్గయింది."

మరి అప్పటికి హైదరాబాద్‌కు మ్యాపు లేదా? ఉంది. అసలు కథ ఇక్కడుంది.

మన బస్సులు ఆగే ఎంజీబీఎస్ ఎక్కడుందో ఎప్పుడైనా గమనించారా? మూసీ నది మధ్యలో! 1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాన్ని బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు.

నగరం బాగుపడాలంటే ముందు ఏ గల్లీ ఎక్కడుందో తెలియాలి కదా? ఆ పని లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు చేతిలో పడింది. 1912 నుంచి 1915 దాకా ఆయన మనుషులు గల్లీ గల్లీ కొలిచారు. స్కేలు అంగుళానికి 50 అడుగులు. అంటే 25 అడుగుల ఇల్లు కాగితం మీద అరంగుళం వస్తుంది! స్కాన్ చేసిన కాపీలు ఇప్పుడు నెట్‌లో చూడొచ్చు. నేను మొదటిసారి చూసిన రోజు ఆఫీసు పని పక్కన పెట్టి రాత్రంతా జూమ్ చేస్తూ కూర్చున్న.

కానీ ఆ మ్యాపు ఎవరి కోసం? మోరీలు వేసేవాళ్ల కోసం, రోడ్లు వెడల్పు చేసేవాళ్ల కోసం, మున్సిపాలిటీ కోసం. పట్నం చూడ వచ్చిన మనిషి చేతికి ఇవ్వడానికి గీసింది కాదు. ఒక్కో షీటులో రెండు మూడు గల్లీలు వస్తే దాన్ని పట్టుకొని ఎక్కడికి పోతావు?

తమాషా ఏంటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్లు పట్నం చేరే దారి తెరుచుకుంది. 1916లో నిజాం రైల్వే సికింద్రాబాద్ - గద్వాల లైను వేసింది. 1932లో నిజాం రోడ్డు రవాణా 27 బస్సులతో మొదలైంది. గౌలిగూడలో విమానాల కోసం చేసిన రేకుల హ్యాంగరే బస్‌స్టాండ్ అయింది. అది 2018లో కూలిపోయేదాకా అక్కడే ఉంది. బండి వచ్చింది, మనిషి దిగిండు. చేతిలో మ్యాపు మాత్రం లేదు.

అందుకే జనం పేర్లనే మ్యాపు చేసుకున్నరు. లక్డీకాపూల్ అంటే కట్టెల వంతెన, ఇప్పుడు పోయి వెతికితే కట్టె కనిపించదు. 1578లో కట్టిన వంతెన పురానాపూల్. నయాపూల్ ఏమో వందేళ్లు దాటినా ఇంకా "కొత్త" వంతెనే! వస్తువు పోయినా గుర్తు మిగిలింది. నాయిన హోర్డింగుకు, లక్డీకాపూల్‌కు తేడా ఒక్కటే. ఒకటి నాయిన ఒక్కడి గుర్తు, ఇంకోటి ఊరందరి గుర్తు.

ఇప్పుడు 2008కి వద్దాం. బెంగళూరులో మన తెలుగాయన లలితేశ్ కట్రగడ్డ, సంజయ్ జైన్ కలిసి గూగుల్ మ్యాప్ మేకర్ తెచ్చారు. అప్పట్లో దాంట్లో మామూలు జనమే తమ ఊరి రోడ్లు గీయగలిగేవారు. 2009లో గూగుల్ మ్యాప్స్ ఇండియాలో దారి చెప్పేటప్పుడు గుర్తులు కూడా చూపించడం మొదలుపెట్టింది: ఫలానా పెట్రోల్ బంకు దాటినంక మలుపు తిరగండి అని. ఎందుకు? ఇక్కడ మనుషులు వీధి పేర్లు చూసి నడవరు, గుర్తులు చూసి నడుస్తారు కాబట్టి. నాయిన పద్ధతినే కంప్యూటర్ నేర్చుకుంది అన్నమాట!

నేను బీటెక్‌లో ఉన్నప్పుడు మా ఊరి చెరువుకు మ్యాప్ మేకర్‌లో పేరు పెట్టిన. ఏదో సాధించిన అనుకున్న. తర్వాత అమీర్‌పేటలో కోర్సుకు చేరినప్పుడు నాయిన నాతో వచ్చిండు. నేను ఫోన్ చూస్తున్న, ఆయన టీ కొట్టు దగ్గర హాస్టల్ తొవ్వ అడుగుతున్నడు. నాకు నామోషీ అనిపించింది. "ఎందుకు నాయినా అందర్నీ అడుగుతవ్, ఫోన్‌ల ఉంది కదా" అని కసురుకున్న. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ మమ్మల్ని గోడ కట్టేసిన సందులోకి తీస్కపోయింది. వెనక్కి వచ్చి టీ కొట్టు అన్న చెప్పిన తొవ్వలోనే పోయినం.

సిగ్గుపడి అడగనందుకు ఒక రోజు కూలి పోగొట్టుకున్న మనిషి, ఆ సిగ్గు దాటడం నేర్చుకున్నడు. నేనేమో అదే సిగ్గును మళ్లీ ఆయనకు అంటగట్టబోయిన. మ్యాపు చదవడం వచ్చినంత మాత్రాన తొవ్వ తెలిసినట్టు కాదని ఆ రోజు అర్థమైంది.

ఈసారి ఊరికి పోయినప్పుడు మీ నాయినను, తాతను అడగండి: పట్నంలో మీ గుర్తు ఏది ఉండె అని. ఆ గుర్తు ఇప్పుడు లేకపోతే ఇంకా బాగా రాసి పెట్టుకోండి. మన్ దొర మ్యాపులో అది ఉండదు, ఇంకెక్కడా ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటా.