బసవని చరిత్ర - తుపాకి గుండు

ఏటా పాల్కురికి సోమనాథుని బసవపురాణం పాఠం చెబుతూంటాను. మన ద్విపదను భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకుపోయాడు. ఆ బసవాదుల వచనాలనే జీవితమంతా పరిశోధించిన ఎం.ఎం. కల్బుర్గిని 2015 ఆగస్టు 30 ఉదయం ధార్వాడలో ఇంటివద్దనే కాల్చి చంపారు. కులాన్ని ధిక్కరించినవాడు బసవడు. ఆ బసవని కుటుంబాన్ని గురించి రాసినందుకే 1989లో ఒత్తిడికి లోనై కల్బుర్గి తన మాటలు వెనక్కు తీసుకోవలసి వచ్చింది. వింత కాదూ?

అంతకు రెండేళ్ల ముందు, 2013 ఆగస్టు 20న, పుణెలో నరేంద్ర దాభోల్కర్ హత్య. ఆయన వైద్యుడు. నరబలినీ, క్షుద్రపూజలనూ శిక్షించే చట్టం కావాలని ఏళ్ల తరబడి పోరాడాడు. బిల్లు మూలపడి ఉంది. ఆయన చనిపోయిన నాలుగు రోజులకే ఆర్డినెన్సు వెలువడింది! శవాన్ని చూస్తేగాని ఏలినవారి కలం కదలలేదన్నమాట. కాల్చిన ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడేసరికి 2024 మే వచ్చింది. మరి ముగ్గురు సాక్ష్యం చాలక విడుదలయ్యారు.

నిరుడు తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "బసవపురాణంలోని మహిమలన్నీ నిజంగా జరిగాయాండీ?" అని అడిగాడు. అది పురాణం, చరిత్ర కాదన్నాను. అంటూనే ఒకసారి తలుపు వైపు చూశాను. అది దాచను.