కోయంబత్తూరు తెలుగు రైతులు – యంత్రవిద్య

కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారి చరిత్ర వ్రాయువారు సాధారణముగా మిల్లులతో మొదలుపెట్టుదురు. అది మోటబావికడ మొదలైనదని మాకు తోచుచున్నది. ఆ మెట్టనేలలో వర్షము తక్కువ, బావులు లోతు. గిలక ఇరుసు అరిగినను, తోలుతొండము చినిగినను పైరు ఎండకముందే బాగుచేసికొనవలయును. తండ్రి కొలిమికి పోవునప్పుడు కుమారుడును వెంటపోయి తిత్తి ఊదెడివాడు. తెల్లగా కాగిన రెండు ఇనుపముక్కలు ఏ అదనున సమ్మెట దెబ్బకు అతుకునో కంటితోనే గ్రహించెడివాడు. అదను తప్పెనా, అతుకు నిలువదు; ఇది పుస్తకమున దొరకు విద్య కాదు.

1932లో పైకారా జలవిద్యుత్తు ఉత్పత్తి ప్రారంభమైనది. క్రమముగా మోటలు పోయి పంపులు వచ్చెను. మోటను బాగుచేసిన చేతులకు పంపు కొత్తదేగాని పరాయిది కాలేదు.

1893లో కలంగల్ గ్రామమున రైతుబిడ్డగా జన్మించిన జి. డి. నాయుడుగారికి బడిచదువు స్వల్పమే. ఒక మోటారు సైకిలును కొని, విడదీసి, తిరిగి కూర్చి దాని మర్మము తెలిసికొనిరి. 1937లో ఆయనయు డి. బాలసుందరం నాయుడుగారును కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేసిరి.

వీరి పేర్లు నిలిచినవి. కొలిమికడ కుమారులకు పని నేర్పిన తండ్రుల పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు. ఈ సంపుటమును చదువువారు తమ ఇంటి పెద్దలనడిగి ఆ పేర్లను, వారు వాడిన తెలుగు పనిముట్ల మాటలను వ్రాసి సంఘమునకు పంపుదురుగాక.